అమెరికా ఫోన్ చవకే, కానీ సిమ్ ఎక్కడ పెడతారు?

అదే ఐఫోన్ అమెరికాలో అంత తక్కువకీ, మన దగ్గర ఇంత ఎక్కువకీ ఎందుకు అమ్ముతారని అడిగారు. ముఖ్యంగా పన్నులండీ. 15 ప్రో సంగతే తీసుకోండి. 2023లో వచ్చినప్పుడు అక్కడ 999 డాలర్లు, అంటే అప్పటి లెక్కన 83 వేలు. ఇక్కడేమో 1,34,900. ఆ మోడల్ అప్పుడు బయటి నుంచే వచ్చేది. 20 శాతం కస్టమ్స్ సుంకం, దాని మీద సర్‌చార్జీ, అన్నీ కలిపాక 18 శాతం జీఎస్టీ. సుంకం 15 శాతానికి తగ్గింది 2024 జులైలో. పైగా అమెరికాలో చెప్పే రేటులో పన్ను ఉండదు, బిల్లు దగ్గర కలుపుతారు. డల్లాస్‌లో 8.25 శాతం. అంటే అక్కడా 90 వేలకు దగ్గరే.

ఇదంతా తెలిసే 2024 సంక్రాంతికి అక్కావాళ్ళు డల్లాస్ నుంచి వస్తుంటే, "బావగారూ, నాన్నకి ఆ ఫోన్ తీసుకురండి" అని అడిగాను. భోగి సాయంత్రం అరుగు మీద నాన్న పాత ఫోన్‌లోంచి సిమ్ తీసి, ఎక్కడ పడిపోతుందోనని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. నేను పిన్ను పట్టుకుని కొత్త ఫోన్ అంచంతా వేలితో తడిమాను. ఎడమ పక్క లేదు, కుడి పక్క లేదు, కింద లేదు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచీ అమెరికాలో అమ్మేవాటికి సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. మా ఊళ్ళో ఇంటి లోపలికి సిగ్నల్ వచ్చేది ఒక్క కంపెనీదే, వాళ్ళకి అప్పటికి ఈ-సిమ్ లేదు. బ్యాంకుకీ, గ్యాసుకీ, ఆధార్‌కీ నాన్న ఇచ్చిందంతా ఆ నంబరే.

"పర్లేదులేరా, ఫొటోలు తీసుకుంటాలే" అన్నారు నాన్న. బావగారి మొహం చిన్నబోయింది. ఆయన శంషాబాద్‌లో దిగినప్పుడు సుంకం కూడా కట్టారని తర్వాత అక్క చెప్పింది. అప్పట్లో 50 వేల దాకా మినహాయింపు. మిగిలిన 40 వేల మీద 38.5 శాతం, అంటే 15 వేల పైమాటే. మాకు మాటమాత్రం చెప్పలేదు. అందుకే అంటాను, విదేశాల నుంచి వచ్చేవాళ్ళ నెత్తిన ఫోన్లు పెట్టకండి. కాదనలేక తెస్తారు, నష్టం వాళ్ళు మోస్తారు.

నాకు కడుపు మండేది ఇంకోటుంది. బంగారానికి జీఎస్టీ 3 శాతం. ఫోన్‌కి 12 ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి 18 చేశారు. ఓటీపీ రాకపోతే ఏ పనీ జరగని రోజుల్లో ఫోన్ విలాసమా? నాన్న లాంటి రైతు వెయ్యి రూపాయల బంగారం కొంటే 30 కడతాడు, అదే వెయ్యి ఫోన్ మీద పెడితే 180. ఇదేం న్యాయం?

దుబాయ్‌లో వ్యాట్ 5 శాతమే. అదే ఫోన్ అప్పట్లో అక్కడ 4,299 దిర్హమ్‌లు, మన లెక్కన 97 వేలు, సిమ్ కూడా పట్టేది. మన అంతట మనమే వెళ్తే తెచ్చుకోవడానికి అప్పట్లో అదే బాగుండేది. మేం మాత్రం కనుమ వెళ్ళాక తెనాలిలో నాన్నకి వేరే ఫోన్ కొన్నాం. అరచేతిలోని సిమ్ షాపు కుర్రాడి చేతికిచ్చి, అది లోపలికి వెళ్ళేదాకా నాన్న దాని మీంచి చూపు తిప్పలేదు.