పిల్లాడి క్వాడ్ బైక్‌కి ఐదేళ్ల లోనా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి 11 ఏళ్లు. నా స్నేహితుడు షెర్మన్ అవతల 12 ఎకరాలు కొన్నాడు. అక్కడ వాళ్లబ్బాయి క్వాడ్ బైక్ (మట్టి దారుల్లో తోలే నాలుగు చక్రాల బండి, ఏటీవీ అన్నా ఇదే) తోలడం చూసినప్పటి నుంచి మావాడికి అదే ధ్యాస. డీలర్ దగ్గర 110 సీసీ బండి చూశాం, ధర 3,500 డాలర్లు. 60 నెలల లోన్ ఇస్తామంటున్నారు. ఆన్‌లైన్‌లో చూడ్డానికి అలాంటిదే 1,100కి దొరుకుతోంది. ఇంకో ఫ్రెండేమో ఎలాగూ పెరిగే పిల్లాడే కదా, పెద్ద బండే కొనెయ్ అంటున్నాడు. బాబు పేర కాలేజీ చదువుకని దాచే 529 ఖాతాలో 31,000 డాలర్లున్నాయి, అందులోంచి తీయొచ్చా? గుంటూరులో ఉన్న మా నాన్నగారు మనవడి పుట్టినరోజుకి రెండు లక్షల రూపాయలు పంపుతానంటున్నారు, దానికి ట్యాక్స్ పడుతుందా? మా ఆవిడ అసలు ఈ బండే వద్దంటోంది. ఆరేళ్ల పాప మాత్రం అన్న వెనకాల కూర్చుంటానని ఇప్పటి నుంచే గొడవ.

జవాబు: లోన్ వద్దు. 529 ముట్టుకోవద్దు. 1,100 డాలర్ల బండి వైపు చూడనే వద్దు. కొనడానికే నిశ్చయించుకుంటే పేరున్న కంపెనీది, వాడి వయసుకి తగ్గది, సెకండ్ హ్యాండ్‌లో, చేతిలో ఉన్న డబ్బుతో కొనండి. కానీ డీలర్ దగ్గరికి వెళ్లేలోపు మీ ఇన్సూరెన్స్ ఏజెంట్‌తో మాట్లాడాలి. ఇన్ని అడిగారు గానీ ఆ సంగతి ఒక్కటే అడగలేదు. నిజంగా పెద్ద డబ్బు పోయేది అక్కడే.

ముందు మీ ఆవిడ మాట. అది కొట్టిపారేసేది కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, 16 ఏళ్లు నిండని వాళ్లు ఏటీవీ తోలనే కూడదంటుంది. కంపెనీలేమో ఆరేళ్ల పిల్లలకి కూడా బండ్లు చేసి అమ్ముతున్నాయి. మీరిద్దరూ ఎటు మొగ్గుతారన్నది నేను చెప్పేది కాదు. ఎటూ తేలకపోతే బండి కొనకముందే బాబుకి ఏటీవీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ వారి రైడర్‌కోర్స్ చేయించండి. సగం రోజు పని. కొన్ని చోట్ల శిక్షణకి బండి కూడా వాళ్లే ఇస్తారు, ఫోన్ చేసి కనుక్కోండి. ఇద్దరూ పక్కన నిలబడి చూడండి. వాడు చెప్పిన మాట వింటున్నాడా, బ్రేక్ వేయమన్నప్పుడు వేస్తున్నాడా అన్నది ఆ కాసేపట్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత కూడా మీ ఆవిడ వద్దంటే ఇక నా లెక్కలతో పనిలేదు.

ఇక సైజు. రెండేళ్లు వస్తుందని పండగ బట్టలు ఒక సైజు పెద్దవి కొనడం మనందరికీ అలవాటే, కానీ క్వాడ్ బైక్‌లో ఆ లెక్క పనికిరాదు. బండి మీద స్టిక్కర్ ఉంటుంది: వై-6+, వై-10+, వై-12+, టీ-14+. ఆ వయసు నిండినవాళ్లకే అది. మీవాడికి వై-10+ సరిపోతుంది. హోండా టీఆర్‌ఎక్స్90ఎక్స్, పోలారిస్ ఔట్‌లా 110, స్పోర్ట్స్‌మన్ 110 ఈ తరగతివే. హోండాకి క్లచ్ లివర్ లేకపోయినా గేర్లు కాలితో మార్చాలి, రివర్స్ లేదు. పోలారిస్‌ది ఆటోమేటిక్, రివర్స్ ఉంది. మొదటిసారి తోలేవాడికి ఆటోమేటిక్ నయమని నా అభిప్రాయం, గేర్ల మీద ధ్యాస పోకుండా దారి మీద ఉంటుంది.

షోరూంలో వాణ్ని బండెక్కించి చూడండి. ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడితే సీటుకీ వాడికీ మధ్య కనీసం మూడంగుళాల సందు ఉండాలి. కూర్చుని హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పినా అవతలి మోచెయ్యి కాస్త వంగే ఉండాలి. వేళ్లు చాపితే వాటి మొదటి కణుపు బ్రేక్ లివర్‌ని దాటి అవతలికి రావాలి. కుడి బొటనవేలితో నొక్కి వేగం పెంచే లివర్, అంటే థ్రాటిల్ దగ్గర చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. అది బిగిస్తే లివర్ కొంతవరకే నొక్కుకుంటుంది. వై-10+ బండి ఆ బిగింపులో గంటకి 15 మైళ్లు దాటదు, వదిలేస్తే 30 దాకా పోతుంది. ఆ స్క్రూ ఎక్కడుందో, ఎలా తిప్పాలో డీలర్ చేత చూపించుకోండి. ఈ తరగతి బండ్లే చాలావరకు 250 పౌండ్ల పైమాట. మీవాడు 80 పౌండ్లు ఉంటాడేమో. ఇంకా పెద్ద బండి తిరగబడితే వాడి గతేమిటో ఆ పెద్ద బండి కొనమన్న ఫ్రెండ్‌ని అడగండి.

డబ్బు సంగతికి వద్దాం. ధర 3,500 అంటే మీ చేతినుంచి పోయేది 3,500 కాదు. ఫ్రెయిట్, సెటప్, డాక్యుమెంట్ ఫీజు కలిపి 750 అనుకుందాం. దాని మీద సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. బండి 4,600కి తేలింది. హెల్మెట్, గాగుల్స్, గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, ఛాతీ కవచం కలిపి ఇంకో 400. ఇవి పొదుపు చేసే చోటు కాదు. పైగా 12 ఎకరాల దాకా బండి ఎలా వెళ్తుంది? మీకు పికప్ లేకపోతే కారుకి హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) పెట్టించి చిన్న ట్రెయిలర్ కొనాలి, తేలిగ్గా మరో వెయ్యి పైన. లేదంటే స్నేహితుడి షెడ్‌లో ఉంచాలి. డబ్బు మిగులుతుంది గానీ దానితో ఇంకో చిక్కు వస్తుంది, కింద చెబుతాను.

ఆ 4,600కి లోన్ తీసుకున్నారనుకోండి. వడ్డీ 9.99 శాతమైతే నెలకి 98 డాలర్లు. ఏముందిలే, రెండుసార్లు బయట తింటే అయ్యే ఖర్చే అనిపిస్తుంది. ఐదేళ్లకి వడ్డీయే 1,260 దాకా అవుతుంది. అదలా ఉంచితే, ఆఖరి వాయిదా కట్టేటప్పటికి మీవాడికి 16 ఏళ్లు. 13, 14 వచ్చేసరికే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటాయి. ఎక్కడానికి పనికిరాని బండికి రెండేళ్లపాటు వాయిదాలు కడతారన్నమాట.

ఆన్‌లైన్ బండి ఎందుకు వద్దంటున్నానంటే, అమెరికాలో ఏటీవీలు అమ్మే కంపెనీకి కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్, అంటే వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ఆమోదించిన యాక్షన్ ప్లాన్ (భద్రతా ప్రణాళిక) ఉండాలి. ఇది 2008లో వచ్చిన చట్టం పెట్టిన షరతు. అది లేకుండా దిగుమతై ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్న పిల్లల ఏటీవీల మీద ఆ కమిషన్ పేరుపేరునా హెచ్చరికలు ఇస్తూనే ఉంది. బ్రాండ్ పేరు, మోడల్ నంబర్ వాళ్ల వెబ్‌సైట్‌లో వెతకండి. చాలా డీలర్ షాపులు ఇలాంటి బండిని రిపేరుకి తీసుకోవు, అమ్మబోతే కొనేవాడూ కష్టమే. 1,100 పెట్టుబడి కాదు, పూర్తి ఖర్చు.

అదే రెండు మూడేళ్లు వాడిన హోండానో, యమహానో, పోలారిసో 2,300కి దొరికిందనుకుందాం. బాగా చూసుకుని మూడేళ్ల తర్వాత 1,500కి అమ్మితే మీ చేతినుంచి పోయింది 800, సర్వీసు ఖర్చులు వేరు. సైజు మారినప్పుడల్లా బండి మార్చడం ఇలాగైతేనే గిట్టుబాటు. కొనేటప్పుడు టైటిల్ కాగితం (బండి యాజమాన్య పత్రం) అమ్మేవాడి పేరునే ఉందో లేదో, బండి మీది వీఐఎన్‌తో (బండి గుర్తింపు నంబర్‌తో) సరిపోతుందో లేదో చూడండి. టెక్సస్‌లో ఏటీవీకి టైటిల్ ఉంటుంది, 'తర్వాత పంపిస్తాలే' అంటే వచ్చేయండి. చల్లగా ఉన్న ఇంజన్‌ని మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెట్టాడంటే ఏదో దాస్తున్నట్టే.

ఇక ఇన్సూరెన్స్. చాలా హోమ్‌ఓనర్స్ పాలసీల్లో (ఇంటి బీమాల్లో) మీ సొంత ఏటీవీ మీ స్థలంలో ఉన్నంతవరకే లయబిలిటీ కవర్, అంటే ఇతరులకి జరిగే నష్టానికి బీమా, ఉంటుంది. గడప దాటితే లేదు. మీ బాబు తోలేది మీ పెరట్లో కాదు, స్నేహితుడి పొలంలో. అక్కడ వాడు వాళ్లబ్బాయిని గుద్దినా, వాళ్లబ్బాయి మీ బండెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నా ఆసుపత్రి బిల్లు, ఆపైన లాయర్ నోటీసు వస్తే మీ పొదుపు మీదికే వస్తాయి. మనవాళ్ల మధ్య కేసులేమిటి అనుకోకండి. స్నేహితుడు వేయకపోయినా వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ తాను కట్టిన డబ్బు కోసం మీ వెంట పడొచ్చు. బండి ఆ షెడ్‌లోనే ఉంచితే మీరు లేని రోజు ఎవరు తోలుతున్నారో కూడా మీకు తెలియదు. తాళంచెవి మీ ఇంట్లో ఉండాలి.

ఏటీవీకి విడిగా పాలసీ దొరుకుతుంది, ప్రీమియం సాధారణంగా ఏడాదికి కొన్ని వందల డాలర్లలోపే. మీకు అంబ్రెల్లా పాలసీ (మిగతా పాలసీల పరిమితి దాటిన నష్టానికి పైన ఉండే బీమా) ఉంటే ఇది ఇంకా ముఖ్యం. కింద ఏటీవీ పాలసీ లేకపోతే చాలా అంబ్రెల్లాలు పైన కూడా కట్టవు. ఏజెంట్‌కి ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో అడగండి: ఇతరుల స్థలంలో తోలితే కవర్ ఉందా, 16 లోపు పిల్లాడు తోలితే ఉందా, మా బండి వేరే పిల్లలు తోలితే ఉందా. జవాబు రాతపూర్వకంగా దాచుకోండి.

మీ హెల్త్ ప్లాన్ కార్డు కూడా ఓసారి తీయండి. ఏడాదికి మీరు జేబులోంచి కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతుందో అంత సొమ్ము ఎమర్జెన్సీ ఫండ్‌లో లేకపోతే ఈ ఏడు బండి మాట ఎత్తకండి. పొలం ఊరికి దూరం. 2022లో అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ యాక్ట్ నెట్‌వర్క్‌లో లేని ఎయిర్ ఆంబులెన్స్ అదనపు బిల్లుల్ని ఆపింది గానీ, రోడ్డు మీద వచ్చే ఆంబులెన్స్‌ని అందులో చేర్చలేదు.

స్నేహితుడి పొలం ప్రైవేటు స్థలం కాబట్టి స్టేట్ స్టిక్కర్ అక్కర్లేదు. గిల్మర్ దగ్గరి బార్న్‌వెల్ మౌంటెన్ లాంటి చోటికి తీసుకెళ్తే మాత్రం ఆ స్టిక్కరే, అంటే 16 డాలర్ల ఓహెచ్‌వీ డెకాల్, సేఫ్టీ సర్టిఫికెట్, హెల్మెట్, కళ్లద్దాలు కావాలి. 14 లోపు పిల్లాడి వెంట పెద్దవాళ్లు ఉండి తీరాలి.

529 గురించి. అందులో మీరు కట్టింది 20,000, పెరిగింది 11,000 అనుకుందాం. 4,600 తీస్తే దాంట్లో దాదాపు 1,630 లాభం కింద లెక్క. దాని మీద మీ శ్లాబు ప్రకారం ఆదాయపు పన్ను, పైన 10 శాతం పెనాల్టీ. 24 శాతం శ్లాబులో ఉంటే 550 దాకా వదులుతుంది. వాడి కాలేజీ డబ్బు తీసి వాడికే ఆటవస్తువు కొనడానికి ఆ 550 కట్టడం నాకైతే మింగుడుపడదు.

నాన్నగారి రెండు లక్షలు హాయిగా తీసుకోండి. కొడుక్కో మనవడికో ఇచ్చే కానుక మీద ఇండియాలో పన్ను లేదు. ఆయన బ్యాంకుకి వెళ్లి ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద, కారణం గిఫ్ట్ అని రాసి పంపాలి, పాన్ ఉండాలి. ఏడాదికి 10 లక్షల లోపు కాబట్టి టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టరు. ఇక్కడ మీకూ అది ఆదాయం కాదు. ఐఆర్ఎస్‌కి, అంటే అమెరికా పన్ను శాఖకి, ఫారం 3520 ఇవ్వాల్సింది విదేశంలో ఉన్న వ్యక్తి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటితేనే. రెండు లక్షలంటే రెండు వేల పైచిలుకు డాలర్లు, పాత బండి ధరకి దగ్గర్లోనే ఉంది. హెల్మెట్, పాలసీ మీ జీతంలోంచి. లోన్ ప్రసక్తే లేదు.

పాప అన్న వెనక కూర్చోకూడదు. ఈ బండ్లు ఒక్కరి కోసమే చేసినవి, రెండో మనిషి ఎక్కితే బరువు వెనక్కి పడి ఎత్తు మీద ముందు చక్రాలు లేస్తాయి. తనకి ఆరేళ్లే కదా, వై-6+ స్టిక్కర్ తన వయసుకి సరిపోయేదేనని ఎక్కడో చదివేసి అడుగుతుంది చూడండి. అప్పుడు మళ్లీ రాయండి.