మీరడిగారు: మాట ముందా, బొమ్మ ముందా?

ప్రశ్న: ఫోన్‌తో తీసిన ఫుటేజ్‌ను ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ తరహాలో పది నిమిషాల వ్యాసచిత్రం (వ్యాసంలా సొంత ఆలోచనలతో నడిచే సినిమా) చేద్దామని కామెంటరీ రాసి, చదివి, దాని మీద బొమ్మలు పేర్చాను. అచ్చం టీవీ వార్తలాగే వచ్చింది. ఎక్కడ తప్పింది?

జవాబు: బొమ్మలు ‘పేర్చాను’ అన్నారే, అక్కడే. మాట ముందే ఖాయమైపోతే దానికి తలాడించడం తప్ప బొమ్మకు పనేముంటుంది? ‘బస్సు’ అనగానే బస్సు కనిపిస్తుంది, అంతే.

మార్కర్ ‘లెటర్ ఫ్రమ్ సైబీరియా’లో యాకుత్స్క్ వీధి చూడండి. ఒక బస్సు, ఒక కారు, రోడ్డు చదును చేసే కూలీలు, కెమెరా ముందు నుంచి వెళ్లే మెల్లకన్ను మనిషి. అదే ముక్కను మూడు రకాల కామెంటరీతో మూడుసార్లు చూపించాడు. మొదటిది సోవియట్‌ను ఆకాశానికెత్తుతుంది, రెండోది దుమ్మెత్తిపోస్తుంది, మూడోది ఉన్నదున్నట్టు చెప్పబోతుంది. ఆ మూడోదే నిజమనుకునేరు. అదీ చాలదని వెంటనే ఆయనే అంటాడు. విమర్శకుడు ఆంద్రే బజాన్ 1958లో దీన్ని అడ్డంగా సాగే ఎడిటింగ్ అన్నాడు. ఇక్కడ ముడి షాటుకూ షాటుకూ కాదు, చెవికీ కంటికీ.

మీ కామెంటరీ ట్రాక్ మొత్తం తీసేయండి. శబ్దం ఆపి బొమ్మను ఎడిట్ చేయండి. మాట సాయం లేకుండా నిలబడే షాట్లే ఉంచండి. ఆ తర్వాతే రాయండి, అదీ షాటులో కనిపించని సంగతి. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి. నిమిషం బొమ్మకు 40 సెకన్ల మాట దాటితే ఊపిరాడదు. వాక్యం షాటుతోనే మొదలై షాటుతోనే ముగిసిందా, పాఠం చెప్పినట్టుంటుంది. కట్ పడ్డాక రెండు సెకన్లు ఆగి ఎత్తుకోండి, అక్కడక్కడా తర్వాతి షాటులోకి పొర్లనివ్వండి.

ఇక శబ్దం. మార్కర్ ‘సాన్ సొలేయ్’ (1983)ను 16 ఎంఎం బొలియో మూగ కెమెరాతో తీశాడు. రీలు 100 అడుగులు, అంటే సుమారు రెండు ముప్పావు నిమిషాలు. శబ్దమంతా చిన్న క్యాసెట్ రికార్డర్‌లో విడిగా పట్టాడు. పెదవికీ మాటకూ జత కుదర్చాల్సిన పని లేదు గనక ఏ శబ్దాన్ని ఎక్కడికైనా జరుపుకోవచ్చు. ఈసారి షూటింగ్ అయ్యాక అక్కడే కదలకుండా నిలబడి రెండు నిమిషాలు ఉత్త శబ్దం రికార్డు చేసుకోండి. అది లేకపోతే గొంతు ఆగిన ప్రతిచోటా ట్రాక్ గొయ్యి పడ్డట్టు వినిపిస్తుంది.

ప్రశ్న: మార్కర్ ‘లా జెతే’ (1962) అంతా స్టిల్ ఫొటోలే అంటారు. మరి ఆ అమ్మాయి కళ్లు ఆర్పుతుంది కదా?

జవాబు: ఆర్పుతుంది. 28 నిమిషాల్లో మనుషులు కదిలే షాట్ అదొక్కటే. మిగతాదంతా పెంటాక్స్ స్టిల్ కెమెరాతో తీసినది, ఇది మాత్రం అరువు తెచ్చిన ఆరిఫ్లెక్స్ సినిమా కెమెరాతో. నిద్రపోతున్న ముఖం ఫొటోలు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతూ వస్తాయి, పిట్టల అరుపులు హోరెత్తుతాయి, ఇంతలో కళ్లు తెరుచుకుంటాయి. ఫొటో ఎప్పుడు సినిమా అయిందో మనకు ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. ఈరోజుల్లో ప్రతి ఫొటో మీదా సాఫ్ట్‌వేర్ జూమ్ తగిలిస్తున్నారు. అన్నీ కదిలితే ఇలాంటి కదలికను ఎవరు గమనిస్తారు?

ప్రశ్న: ‘సాన్ సొలేయ్’లో ఉత్తరాలు రాసిన సాండోర్ క్రస్నా ఎవరు?

జవాబు: మార్కరే. ‘నేను చూశాను’ అనకుండా, ‘అతను నాకిలా రాశాడు’ అని ఒక స్త్రీ గొంతుతో చెప్పించాడు. మీ కామెంటరీ గొప్పలు పోతున్నట్టు అనిపిస్తే ‘నేను’ అన్నచోటల్లా ‘అతను’ అని మార్చి, వేరొకరి చేత చదివించి చూడండి.