అమ్మకి చెప్పిన ఆ అబద్ధం ముందు సరిచేసుకో

"నాకు 33 ఏళ్ళు, 40 రోజులు ఒక్కదాన్నే నడిచే ట్రెయిల్‌కి అన్నీ రెడీ చేసుకున్నాను, కత్తి మంచిదా పెప్పర్ స్ప్రే మంచిదా చెప్పండి" అని రాశావు తల్లీ. కింద ఒక్క లైన్‌లో "అమ్మకి మాత్రం ఫ్రెండ్ తోడొస్తోందని చెప్పాను, లేకపోతే వెళ్ళనివ్వదు" అన్నావు చూడు, నాకు ఆ లైన్ దగ్గరే గుండె జారింది.

కత్తి సంగతి వదిలెయ్. కొండదారుల్లో ప్రాణం మీదకి తెచ్చేవి ఎక్కువగా జారిపడటం, పొంగే వాగు దాటబోవడం, వానకి తడిసి చలికి ఒళ్ళు వశం తప్పడం, వీటికి కత్తి ఏం చేస్తుంది? స్ప్రే కొన్ని దేశాల్లో దగ్గర పెట్టుకోవడమే నేరం, నువ్వెళ్ళే చోటు రూల్ చూసుకో. మనుషుల భయం లేదనట్లేదు. రోడ్డుకి దగ్గర్లో టెంట్ వెయ్యకు, ఈ రాత్రి ఎక్కడుంటావో ఆన్‌లైన్‌లో పెట్టకు, ఎవరి చూపైనా తేడాగా అనిపిస్తే మొహమాటపడకుండా లేచి నడువు. ఒక్కదానివేనా అని అడిగితే మావాళ్ళు వెనకాలే వస్తున్నారు అను. ఆ అబద్ధం చెప్పాల్సింది అక్కడ, ఇంట్లో కాదు.

ఎందుకంటున్నానో విను. సిగ్నల్ లేనిచోట శాటిలైట్ డివైస్‌లో సాయం కోరే ఎస్ఓఎస్ బటన్ నొక్కావనుకో, నువ్వున్న చోటు రెస్క్యూ వాళ్ళకి తెలుస్తుంది, కానీ నువ్వు మెసేజ్‌కి బదులివ్వలేకపోతే నువ్విచ్చిన ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి ఎంతమంది వెళ్ళారు, ఏ దారి, ఏమైనా జబ్బుందా అని అడుగుతారు. అప్పుడు మీ అమ్మ ఏం చెప్తుంది? ఇద్దరు వెళ్ళారండీ అంటుంది. లేని మనిషి కోసం కూడా వెతుకుతారు కదా!

అమెరికా పెద్దావిడ ఎమ్మా గేట్‌వుడ్ కూడా పిల్లలకి నడకకి వెళ్తున్నా అని మాత్రమే చెప్పింది కదా అని రాశావు. నిజమే, 1955లో, 67 ఏళ్ళ వయసులో, దాదాపు 3,300 కిలోమీటర్ల అపలాచియన్ ట్రెయిల్ ఒక్కతే నడిచేసింది, ఆవిడంటే నాకూ ప్రాణం. కానీ అంతకు ముందేడు దారి తప్పి, కళ్ళద్దాలు పగిలి, రేంజర్లు వెనక్కి పంపిస్తే ఇంటికొచ్చింది, అది కూడా గుర్తుపెట్టుకో.

మా అక్క కూతురు ఇలాగే వెళ్ళింది. ఏ రోజు ఎక్కడ పడుకుంటుందో, ఎన్నింటికల్లా మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. మా అక్క తిట్టుకుంటూనే రోజూ సాయంత్రం పెన్సిల్‌తో ఒక్కో లైన్ కొట్టేసేది, మెసేజ్ లేటైన రోజు పెన్సిల్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది పాపం. కానీ ఏం చెయ్యాలో మా అక్కకి తెలుసు.

మీ అమ్మ దగ్గర పర్మిషన్ అడగమనట్లేదు నేను, 33 ఏళ్ళొచ్చాక అడగక్కర్లేదు కూడా. చెప్పు, అంతే. ఏడుస్తుంది, నాలుగు రోజులు మాట్లాడదు, అన్నయ్యకి ఫోన్ చేస్తుంది, పడాలి. ఇన్నాళ్ళూ ఆవిడ కోపానికి జడిసి స్కూల్ పిల్లలా దాచుకుంటూ వచ్చావు, 40 రోజులు ఒంటరిగా నడవగలిగినదానివి ఆ ఒక్క పూట ఎదురుగా కూర్చోలేవా? టికెట్ తర్వాత కొనచ్చు, ముందు ఆ కాగితం రాసి ఆవిడ చేతికివ్వు, ఎమర్జెన్సీ నంబర్ల దగ్గర మొదట అమ్మది, కింద అన్నయ్యది పెట్టు.