కామర్స్ మానేసి పారిస్ వెళ్తానంటున్న అబ్బాయి

ప్రశ్న: మాది నరసాపురం, బంగారం పని చేసుకుంటాం. మా అబ్బాయి బీకాం రెండో ఏడు. ఫోన్లో జువాన్ మిరో అనే చిత్రకారుడి స్వీయచిత్రం చూసిన దగ్గర్నుంచి చదువు మానేసి పారిస్ వెళ్తానంటున్నాడు. ఆయనా కామర్స్ వదిలేసే పైకొచ్చాడట. మావాడూ తన బొమ్మ తనే గీసుకున్నాడు, దాని ఫొటో పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీవాడు చెప్పింది సగం నిజమేనండీ. మిగతా సగం మీరిద్దరూ కలిసి చదవండి.

మిరో 1893లో బార్సిలోనాలో పుట్టాడు. తండ్రిది మీ వృత్తే, బంగారం పని, దాంతోపాటు గడియారాల పని. కొడుకుని కామర్స్ స్కూల్లో వేశాడు కానీ ఆర్ట్ స్కూలుకీ వెళ్ళనిచ్చాడు. పదిహేడో ఏట ఒక కొట్లో లెక్కలు రాసే గుమాస్తాగా పెట్టాడు. ఏడాది తిరిగేసరికి పిల్లాడు మానసికంగా కుంగిపోయాడు, పైగా టైఫాయిడ్. మోన్‌రోచ్ అనే పల్లెలో వాళ్ళ సొంత ఇంట్లో ఉండి కోలుకున్నాడు. ఈ ముక్క మీకోసం చెబుతున్నాను. అబ్బాయి తిండి, నిద్ర ఎలా ఉన్నాయో ముందు గమనించండి.

ఇక అబ్బాయికి. కామర్స్ వదిలిన మర్నాడు మిరో పారిస్ రైలెక్కలేదు. 1912 నుంచి మూడేళ్ళు ఫ్రాన్సెస్క్ గాలీ అనే మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు. ఆయన కళ్ళకు గంతలు కట్టి వస్తువుని చేత్తో తడిమించేవాడు, తర్వాత దాన్ని గీయమనేవాడు. 1918లో బార్సిలోనాలో మొదటి ప్రదర్శన పెడితే జనం నవ్విపోయారు. నువ్వు చూసిన ఎర్రచొక్కా స్వీయచిత్రం 1919 నాటిది, అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. ఆ చొక్కా మడతలు పలకలు పలకలుగా విరిగి ఉంటాయి, ముఖం మీద మాత్రం ఒక్కో గీతా లెక్కపెట్టి వేసినట్టుంటుంది. ఆ చూపు ఊరికే రాలేదు నాయనా. ఆ చిత్రం చివరికి పికాసో చేతికి చేరి, ఇప్పుడు పారిస్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది.

పారిస్ మొదటిసారి వెళ్ళింది 1920లో. మరుసటేడు అక్కడ పెట్టిన ప్రదర్శన దెబ్బతింది. అక్కడి బ్లోమె వీధిలో తోటి స్పెయిన్ శిల్పి గర్గాల్లో ఇచ్చిన గదిలో ఉంటూ ఆకలితో పస్తులున్నాడు. వేసవి రాగానే మోన్‌రోచ్ వచ్చేసేవాడు. ఆ పొలం ఇంటి బొమ్మ మీద తొమ్మిది నెలలు పనిచేశాడు. దాన్ని పారిస్‌లో ముగించేటప్పుడు మోన్‌రోచ్ గడ్డిని వెంట తీసుకెళ్ళి ముందు పెట్టుకున్నాడట! తర్వాత దాన్ని అమెరికన్ రచయిత హెమింగ్వే 5000 ఫ్రాంకులకు కొన్నాడు. ఇల్లు వెనక ఉంది కాబట్టే పారిస్‌లో నిలబడ్డాడని నా లెక్క.

బీకాం ఇంకొక్క ఏడాదే కదా, పూర్తిచెయ్యనివ్వండి. అయితే షాపు లెక్కలు మాత్రం అప్పజెప్పకండి. రోజూ రెండు గంటలు బొమ్మలకి విడిగా ఉంచండి. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లోనో బరోడా యూనివర్సిటీలోనో బీఎఫ్ఏ, అంటే చిత్రకళ డిగ్రీ, ప్రవేశ పరీక్షకి సిద్ధమవ్వొచ్చు. డిగ్రీ అయ్యాక మళ్ళీ డిగ్రీయా అంటారేమో. ఈ రంగంలో ఆ వయసు ఆలస్యమేమీ కాదు, మిరో సంగతి చూశారుగా. ఫ్రాన్స్ ఆ తర్వాతి మాట. అక్కడి ఆర్ట్ స్కూళ్ళు మార్కులకన్నా వేసిన బొమ్మల్ని చూస్తాయి, ఫ్రెంచి కూడా రావాలి. హైదరాబాద్‌లో ఫ్రెంచి నేర్పే అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, భాష ఇప్పుడే మొదలుపెట్టినా నష్టం లేదు.

మీరు పంపిన ఫొటో ట్యూబ్‌లైటు కింద తీసినట్టుంది, సగం మెరుపే కనిపిస్తోంది. పొద్దున్న వరండాలో పెట్టి మళ్ళీ తీయించండి. దాంతోపాటు మీ షాపులో పనిముట్లు చూసి వేసిన బొమ్మలు పది పంపమనండి.