ఇంటి లెక్క: ఒకటో తేదీ జీతం, పదిహేనుకే చేబదులు

ఈసారి ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఒకటే గోల, జీతం చాలట్లేదు అని. అందరికీ ఒకేసారి చెప్తే ఎవరికీ అంటదు కాబట్టి నాలుగు ఉత్తరాలు తీసుకున్నా. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు పోయింది, ఏమనుకోబాకండి, ఆమె లెక్క మొత్తం రాసి పంపింది, అట్టా రాసేవాళ్లు తక్కువ.

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు వేదాయపాళెం. మా ఆయన రొయ్యల మేత కంపెనీలో చేస్తాడు, చేతికి 32 వేలు. నేను ఇంట్లో జాకెట్లు కుడతా, లైనింగ్ జాకెట్‌కి 200 తీసుకుంటా, నెలకి 20 దాకా వస్తాయి, అంటే 4 వేలు. అద్దె 8,000, చీటీ 5,000 (లక్ష రూపాయల చీటీ, 20 నెలలు, 8 నెలలు అయినాయి), బండి ఈఎంఐ 3,200 (ఇంకా 7 నెలలు), బియ్యం సరుకులు 6,500, పాలు 1,800, కూరగాయలు చేపలు కోడి కలిపి 4,000, గ్యాసు కరెంటు ఫోన్లు 2,200, పెట్రోలు 2,000. తెలిసినవాళ్ల దగ్గర లక్షన్నర అప్పు ఉండాది, నూటికి రెండు రూపాయల వడ్డీ, అది 3,000. తెల్లకార్డు లేదు. పిల్లలిద్దరు, ఐదు, రెండు చదువుతున్నారు. పదిహేనో తేదీకే పర్సు ఖాళీ, మా ఆయనేమో నువ్వు కూరగాయలకే తగలేస్తన్నావు అంటాడు. నిజంగా నాకు ఇల్లు నడపడం రాదా అక్కా?

జవాబు: వచ్చు తల్లీ, బ్రహ్మాండంగా వచ్చు. నువ్వు రాసినవన్నీ నేను కాయితం మీద కూడి చూశాను, 35,700 వచ్చింది. మీ ఇద్దరి రాబడి 36,000. అంటే 300 మిగలాలి గదా, మరి లక్షన్నర అప్పు యాడినుంచి వచ్చింది? నువ్వు రాయని ఖర్చుల్లోనుంచి వచ్చింది. స్కూలు ఫీజులు నీ లిస్టులోనే లేవు. ఉత్తరం చివర్లో వేరే చోట రాశావు, ఇద్దరికీ కలిపి 50 వేలు, పుస్తకాలు యూనిఫాం బూట్లు 12 వేలు అని. అవి నెల ఖర్చు కాదని వదిలేశావు. అందరూ అట్టానే వదిలేస్తారు, నేనూ పెళ్లైన కొత్తల్లో అట్టానే వదిలేసి గాజులు తాకట్టు పెట్టినదాన్నే.

ఇప్పుడు ఏడాదికోసారి వచ్చేవి వరసగా రాద్దాం. ఫీజులు 50, పుస్తకాలు 12, పండగలకి బట్టలు 15, పెళ్లిళ్లకి చదివింపులు 10, జ్వరాలు రొంపలు డాక్టర్లు 7, బండి ఇన్సూరెన్సు 2, రొట్టెల పండక్కి వచ్చే చుట్టాలకి 6. మొత్తం లక్షా 2 వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకి 8,500. నీ దగ్గర మిగిలేది 300. అంటే నెలనెలా 8,200 తక్కువ పడతన్నాయి, ఆ తక్కువ జూన్‌లో ఒకేసారి బయటపడి అప్పుగా మారింది, అంతే కథ. కూరగాయల సంచీ సగం చేసినా మిగిలేది 2 వేలు, పిల్లలకి పచ్చడి మెతుకులు మిగులుతాయి. వడ్డీకి పోయే 3 వేలు మాత్రం మీ ఆయన నోటెంట రాలేదు చూడు.

రొట్టెల పండగ సంగతి ఒక మాట చెప్పాలి, ఇది మన ఊరోళ్లకే తెలిసిన బాధ. బారాషహీద్ దర్గా కాడికి యాడెక్కడి చుట్టాలో దిగుతారు, స్వర్ణాల చెరువులో రొట్టె మార్చుకోని రెండ్రోజులు మన ఇంట్లోనే ఉంటారు, చేపల పులుసు పెట్టకుండా పంపిస్తే మాట పడతాం. అది మొహర్రం నెలలో గదా వచ్చేది, చంద్రుడి లెక్క, అందుకని ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకి జరుగుతది. 2025లో జూలై 6న మొదలైంది, అట్టా జరుగుతా జరుగుతా జూన్ లోకి వచ్చేస్తంది, అంటే ఫీజులూ చుట్టాలూ ఒకే నెలలో. సంక్రాంతి అయితే ఎప్పుడూ జనవరిలోనే ఉంటది, దీన్ని మాత్రం క్యాలెండర్ చూసి రాసుకోవాల్సిందే.

ఇక ఏం చేయాలంటే, మొదట ఆ రెండు రూపాయల వడ్డీ తెంచాలి. నూటికి రెండు అంటే వినడానికి చిన్నగానే ఉంటది, ఏడాదికి 24 శాతం, నీ లక్షన్నరకి 36 వేలు. పెళ్లినాటి గొలుసూ కమ్మలూ బీరువాలో ఉండాయి అన్నావు. బ్యాంకులో బంగారం లోను వడ్డీ బ్యాంకుని బట్టి తేడా ఉన్నా పది శాతం చుట్టుపక్కల ఉంటది, పది అనుకుంటే ఏడాదికి 15 వేలు, నెలకి 1,250. అంటే నెలకి 1,750 మిగులు. బంగారం బ్యాంకులో పెడితే పరువు పోతది అనుకోబాకు, లాకర్‌కి అద్దె కడతారు చూడు జనం, ఇదీ అట్టాంటిదే. ఒక్క జాగ్రత్త, వడ్డీ నెలనెలా కట్టేయ్, గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకో. మర్చిపోతే ఊరుకోరు, నోటీసొస్తది, తర్వాత వేలానికి వేస్తారు.

చీటీ ఇప్పుడే పాడేద్దామా అని కూడా అడిగావు. 15 వేలు వదులుకుంటే 85 వేలు వస్తాయి, ఆఖరి దాకా ఆగితే కమిషన్ పోను 95 వేలు, తేడా 10 వేలు. బంగారం లేకుండా రెండు రూపాయల వడ్డీనే కడతా ఉంటే పాడేయమనేదాన్ని, ఎందుకంటే 85 వేలకి 12 నెలల వడ్డీ 20,400 తప్పుతది. బ్యాంకు వడ్డీకి మారిపోయాక అదే 85 వేలకి 8,500 మాత్రమే, 8,500 తప్పించుకోడానికి 10 వేలు ఎందుకు వదులుకోవడం? కాబట్టి ఆగు. ఆఖర్న వచ్చిన దుడ్లు నేరుగా బ్యాంకుకి, ఫ్రిజ్జు మార్చడానికి కాదు. అసలు అది రిజిస్టరు చీటీనా కాదా కనుక్కో ముందు, నోటిమాట చీటీ అయితే నా లెక్క మొత్తం గాల్లో ఉన్నట్టే.

రెండోది నీ జాకెట్టు రేటు. మీ వీధి చివర షాపువాడు 400 తీసుకుంటన్నాడని నువ్వే రాశావు, నువ్వు పక్కింటోళ్లు గదా అని 200. 300 చెయ్. ఇద్దరు ముగ్గురు మూతి ముడుచుకుంటారు, వాళ్లే దసరాకి మళ్లీ వస్తారు. 20 జాకెట్లకి 2 వేలు కలిసొస్తది. బట్టలూ చదివింపులూ కలిపి ఏడాదికి 25 వేలున్నాయే, వాటిని 13 చేయగలిగితే ఇంకో వెయ్యి. దూరపు చుట్టాల పెళ్లికి వెయ్యినూటపదహార్లు రాయించే చోట ఐదువందల పదహార్లు రాయించు, మైకులో చదివేవాడు ఏమీ అనడులే.

ఇంతా చేసినా నెలకి ఇంకా 3,400 పైచిలుకు తక్కువే ఉంటది, అబద్ధం చెప్పను. ఏడు నెలలకి బండి ఈఎంఐ ఆగిపోతది, అక్కడితో దాదాపు సరిపోతది, పన్నెండు నెలలకి చీటీ కూడా అయిపోతది, అప్పుడు చేతిలో ఆడతది. ఈ ఏడు నెలలే ఇరకాటం. స్కూల్లో ఫీజు మూడు టెర్ములకి అడగండి, అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఏడాది ఖర్చులకి మాత్రం వేరే ఖాతా తెరువు, ఏటీఎం కార్డు తీసుకోబాకు. 1992లో దూబగుంట ఆడోళ్లు సారా మీద తిరగబడ్డ తర్వాత మన జిల్లాలో పొదుపులక్ష్మి గ్రూపులు లేచాయి, రోజుకో రూపాయి. మా అమ్మ బియ్యం డబ్బాలో వేసేది ఆ రూపాయి, నాన్న కాఫీపొడికి అడిగినా ఇచ్చేది కాదు. ఆ ఖాతా అట్టా ఉండాలి. ఈ పేజీ మీ ఆయన టిఫిన్ తినేటప్పుడు పక్కన పెట్టు, పోట్లాడబాకు, ఊరికే పెట్టు.

ప్రశ్న: బియ్యం బస్తా ఇప్పుడు 26 కేజీలు వస్తంది, కేజీ ఫ్రీ అంటన్నాడు షాపాయన, నిజమేనా? (కోవూరు నుంచి ఒక గృహిణి)

జవాబు: ఫ్రీ లేదు గిఫ్టు లేదు. 2022 జూలైలో 25 కేజీల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వేశారు. పాతిక దాటితే లేదు. మిల్లులోళ్లు ఊరుకుంటారా, 26 నింపారు. కాబట్టి బస్తా రేటు చూడొద్దు, 26తో భాగించి కేజీ ఎంత పడిందో చూడు. 1,450 బస్తా అంటే కేజీ 55 రూపాయల 77 పైసలు. పక్క షాపులో లూజు 54కి ఇస్తంటే అదే చవక.

మీది కోవూరు, చుట్టూ వరే గదా, ఇంకో మాట చెప్తా. రబీ కోతలప్పుడు తెలిసిన రైతు దగ్గర వడ్లు కొనుక్కోండి. మన పుట్టి 850 కేజీలు, నూటికి 65 దిగుబడి అనుకుంటే 550 కేజీల బియ్యం. నెలకి 30 కేజీలు తినే ఇంటికి ఏడాదికి 360 చాలు, అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి పుట్టి రెండు పుట్లు తీసుకోని పంచుకుంటే సరి. కొత్త వడ్లు వెంటనే ఆడించబాకండి, అన్నం ముద్దవుతది, ఒదగదు కూడా, నాలుగైదు నెలలు ఆగితే అదే శేరుకి ఒక మనిషి ఎక్కువ తింటాడు. పెట్టుకునే చోటు లేకపోతే ఈ మాట మర్చిపోండి, ఎలకలు తినేదానికి లెక్క నేను చెప్పలేను.

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు వేస్తాం. నెల బడ్జెట్ అని మీరు రాస్తారు గానీ మాకు నెల జీతం యాడుంది? బేళ్లు వేలానికి పోయిన నాలుగు నెలలు డబ్బులు, తర్వాత కొట్లో ఖాతా. బ్యాంకు లోను పట్టుకోగా మిగిలింది ఎట్టా పోతందో తెలియట్లేదు. ఇల్లు గడవడానికి నెలకి 16 వేలు అవుతది.

జవాబు: నన్ను బాగా పట్టుకున్నావమ్మాయ్, నిజమే, ఈ శీర్షిక మొత్తం జీతగాళ్ల కోసమే రాస్తన్నా. వేలం మార్చి ప్రాంతంలో మొదలై ఎండలు పోయేదాకా సాగుతది, ఆ నాలుగైదు నెలలూ ఖాతాలో దుడ్లు పడతానే ఉంటాయి, అందరి కళ్లూ అప్పుడే మీ మీద పడతాయి. బావగారికి బోరు, ఆడబిడ్డకి పెట్టుబడి, మామయ్యకి కొత్త కౌలు. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా ఏడు నెలలు మాత్రం ఎవరూ మీ గడప తొక్కరు.

కాబట్టి నువ్వే నీకు జీతం ఇచ్చుకో. వేలం దుడ్లు పడే రోజుల్లోనే 16 వేల చొప్పున ఏడు చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసుకో, ఒకటి ఆగస్టు ఒకటిన చేతికొచ్చేటట్టు, ఇంకోటి సెప్టెంబరు ఒకటిన, అట్టా ఫిబ్రవరి దాకా. మొత్తం లక్షా 12 వేలు. వడ్డీ ఏమంత రాదు, వడ్డీ కోసం కాదిది. ఎవరన్నా ఒక పదివేలు సర్దు అంటే, డిపాజిట్‌లో ఉండాయి అన్నా అని చెప్పొచ్చు, అబద్ధం ఆడే పని లేదు. పొగాకు ఎండబెట్టే బ్యారన్‌కి కట్టెలు, కూలీలు, కౌలు అన్నీ వేరే లెక్క, ఆ పుస్తకంలో పాల ప్యాకెట్ రాయొద్దు, ఇంటి పుస్తకంలో ఎరువు రాయొద్దు. పంట పెట్టుబడి ఇంటి దుడ్లు తినేస్తది, తిన్నట్టు కూడా తెలియదు.

కొట్లో ఖాతా గురించి. మొత్తం మాన్పించలేనుగానీ నీ దగ్గర కూడా ఒక నోటుబుక్కు పెట్టుకోని, సరుకు తెచ్చిన రోజే రేటుతో సహా రాసుకో. నూనె ప్యాకెట్ పక్కన ఎంత అని రాయకుండా “నూనె 2” అని మాత్రమే రాసే కొట్టుని చూశాన్నేను, సీజను అయిపోయినాక ఆ రెండు ప్యాకెట్ల రేటు ఏదైనా కావచ్చు. డిపాజిట్ దుడ్లు వచ్చిన నెల రొక్కం పెట్టి కొను, రొక్కానికి ఎంత తగ్గిస్తావని అడుగు.

ప్రశ్న: మాది పొదిలి, ఒంగోల్లో ఫోన్ల షాపులో చేస్తన్నా, జీతం 18 వేలు. ఇంటికి 6, హాస్టల్‌కి ఐదున్నర, పెట్రోలుకి 1,500. సిగరెట్ లేదు మందు లేదు, అయినా ఇరవైకల్లా సున్నా. ఇంటికి పంపేది కూడా ఇరవైకి అటూ ఇటూగా పంపుతన్నా.

జవాబు: అబ్బాయ్, మిగిలే 5 వేలు స్కాను కొట్టడంలోనే పోతన్నాయి. నీ ఫోన్‌లో హిస్టరీ తెరిచి వంద రూపాయల లోపు కొట్టినవన్నీ ఒక కాయితం మీద కూడు. టీ 15, పఫ్ 25, కూల్‌డ్రింక్ 40, ఫ్రెండ్ బిల్లు నేనే కొడతాలే 90. ఒక్కోటీ చూస్తే ఏమీ కాదు, కూడిన తర్వాత నువ్వే నాకు ఫోన్ చేస్తావు. జీతం పడే ఖాతాని ఆ యాప్‌లోనుంచి తీసేయ్. రెండో ఖాతా పెట్టి ప్రతి సోమారం అందులో 1,000 వేసుకో, యాప్‌కి అదొక్కటే తగిలించు, శుక్రవారానికి అయిపోతే శనివారం హాస్టల్ టీ తాగు. పోస్టాఫీసులో ఆర్‌డీ నెలకి 100 నుంచే తీసుకుంటారు, మూడు నెలలు ఇది కుదిరినాక 500తో మొదలుపెడుదువులే, ఇప్పుడే వద్దు.

ఇంటికి పంపే 6 వేలు మాత్రం జీతం పడిన పూటే పంపేయ్. ఈ ఇరవై రోజులూ మీ అమ్మ ఎవరి దగ్గర చేబదులు తెచ్చి ఇల్లు నడుపుతందో ఎప్పుడన్నా అడిగావా?