నాలుగో బాక్సు ఇప్పుడే ఆర్డర్ పెట్టకు

అల్లుడూ,

మీ సోలార్ బ్యాటరీల మీద కన్నేసి ఉంచే మానిటరింగ్ బాక్సు మూడోది కూడా పోయిందని నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఈసారి వేరే కంపెనీది తెప్పిస్తానంటున్నావు. ఆగు. ఒకటి పోతే సరుకులో లోపం అనుకోవచ్చు, వరసగా మూడు పోయాయంటే వాటిని చంపుతున్నది నీ బ్యాటరీ గదిలోనే ఉంది, అది దొరికేదాకా ఎంత ఖరీదైనది పెట్టినా అదే గతి పడుతుంది.

నాకూ ఇలాగే రెండు పోయాయి. రెండోసారి విప్పి చూస్తే, బాక్సుకి 5 వోల్టులు ఇచ్చే చిన్న కన్వర్టర్ బోర్డు మీద కెపాసిటర్ తల ఉబ్బి ఉంది, పక్క చిప్ మీద నల్ల మచ్చ, ముక్కు దగ్గర పెడితే కాలిన వాసన. అది షార్టయి, బ్యాటరీ వోల్టేజీ నేరుగా బాక్సులోకి పోయింది. ఎందుకు షార్టయిందో, బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసే తేదీలు రాసుకునే నోటుబుక్కు తిరగేస్తే తెలిసింది: రెండుసార్లూ ఈక్వలైజేషన్, అంటే అన్ని సెల్లులూ సమానంగా నిండాలని అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో చేసే ఛార్జింగ్, నడిచిన రోజే!

లెక్క చూడు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు వరసగా కలిపితే మనం 48 అంటాం గానీ, మామూలు ఛార్జింగ్‌లోనే 57 దాటుతుంది, ఈక్వలైజేషన్‌లో ఒక్కోటి 15.5 దాకా పోతే మొత్తం 62. నీ బోర్డు మీద చిప్ పేరు చదువు. ఎల్ఎం2596 మామూలు రకమైతే దాని హద్దు 40 వోల్టులే, హెచ్‌వీ అని ఉంటే 60. అంచు మీద నడిచేది ఎన్నాళ్లు బతుకుతుంది చెప్పు? 75 వోల్టుల దాకా తీసుకునే ఐసొలేటెడ్ రకం (లోపలికొచ్చే తీగలకీ బయటికెళ్లే తీగలకీ నేరుగా కలయిక లేని) కన్వర్టర్ కొను, బ్యాటరీ దగ్గరే ప్లస్ తీగలో 1 ఆంపియర్ ఫ్యూజ్ పెట్టు. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి ఫోన్ ఛార్జర్ పెట్టినా పని జరుగుతుంది, కానీ ఇన్వర్టర్ ట్రిప్ అయినప్పుడే కదా ఆ బాక్సు మనకి కావాల్సింది.

ఇంకో మాట, కిందటేడు వచ్చినప్పుడు చూశాను, చెప్పడం మర్చిపోయాను. బాక్సుకి 12 వోల్టులు కావాలని నాలుగింటిలో ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగారు మీవాళ్లు. అది తీసెయ్యి. ఆ ఒక్క బ్యాటరీ మిగతావాటికంటే ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, పైగా మైనస్ ఎక్కడైనా వదులైతే కరెంటు డేటా కేబుల్‌లోని గ్రౌండ్ తీగ గుండా దారి వెతుక్కుంటుంది, పోర్టు మాడిపోతుంది. షెడ్డు నుంచి ఇంటిదాకా లాగిన ఆ పొడుగు డేటా కేబుల్‌కి ఐసొలేటర్ (రెండు చివర్లనీ కరెంటు పరంగా విడదీసేది) కూడా పెట్టించు, వేసవి చివర పిడుగులు పడే రోజుల్లో తీగకి దగ్గర్లో పడినా చాలు.

ఎండలో ప్యానెళ్లు నడుస్తుండగా బ్యాటరీ స్విచ్ తీసే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించు. ముందు ప్యానెళ్లు ఆపాలి, తర్వాతే బ్యాటరీ.

పని మొదలుపెట్టేముందు వేలి ఉంగరం, వాచీ తీసెయ్యి, మర్చిపోకు. మూడు బాక్సులూ పోయిన తేదీలు, ఈక్వలైజేషన్ రోజు మధ్యాహ్నం మల్టీమీటర్‌లో పట్టిన గరిష్ఠ వోల్టేజీ, ఆ బోర్డు ఫోటో నాకు పంపు. అవి చూసి ఆ రకంలో ఏ కన్వర్టర్ కొనాలో నేనే చెప్తాను.

మీ మామయ్య