తీసిన ట్యూబులైట్లు ఎక్కడికి పోతాయమ్మా?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. ఆఫీసులో కరెంటు, చెత్త, వృథా తగ్గించే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఆమె మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను. కానీ నువ్వు పంపిన ప్రణాళిక చదివాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. పాత ట్యూబులైట్లన్నీ ఒక్క శని, ఆదివారాల్లో తీసేసి ఎల్ఈడీలు పెట్టిస్తామని రాశావు. తీసినవి ఎక్కడికి పోతాయో ఒక్క ముక్క రాయలేదు. భవనాల నిర్వహణలో జుట్టు నెరిసినవాడిని, నా కన్ను ముందు అక్కడే ఆగింది.

తేలిక పనులకు నా సలహా అక్కర్లేదు. కాగితపు కప్పులు మానిపించి ఎవరి కప్పు వాళ్లను తెచ్చుకోమను. ప్రింటరు రెండు వైపులా అచ్చు వేసేలా అమర్చు. మొక్కల కుండీలు నీ ఇష్టం, ఫొటోల్లో బాగుంటాయి.

అసలు ఖర్చు ఏసీలది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య బ్యూరో ఎప్పటినుంచో చెబుతోంది. 24 దగ్గర పెట్టించు. మొదటి వారం అందరూ నిన్ను తిట్టుకుంటారు, పట్టించుకోకు. ఏటా వేసవికి మెకానిక్ వచ్చి "గ్యాస్ తగ్గింది మేడం" అని నింపిపోతుంటే మాత్రం ఊరుకోకు. ఆ గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు, ఎక్కడో కారితేనే తగ్గుతుంది. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ రకం గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలినంత చేటు. రాగి గొట్టాల అతుకుల మీద సబ్బు నురగ రాయించి, బుడగ లేచే చోటు నీ కళ్లతో చూడు. అక్కడ జిడ్డు మరక కూడా ఉంటుంది. ఆ కన్నం పూడ్చాకే గ్యాస్ నింపనివ్వు.

ఇంకొకటి. శనివారం రాత్రి మీటరు రీడింగు రాసుకుని, ఆదివారం రాత్రి మళ్లీ చూడు. మనిషి లేని ఆఫీసు ఎంత కరెంటు తాగుతోందో అప్పుడు తెలుస్తుంది. సర్వర్ గదిని వదిలెయ్. మిగిలిన వాటర్ కూలర్లు, బయటి బోర్డు, ఎవరూ కట్టేయని కంప్యూటర్లు అన్నీ బయటపడతాయి. నువ్వు కొత్తగా ఒక్క రూపాయి పెట్టకుండా తగ్గించగలిగినది అదే.

ఇప్పుడు ట్యూబులైట్ల సంగతి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాగే హడావుడిగా మార్చారు. సోమవారం పెద్దాయన వచ్చేసరికి కొత్త దీపాలు వెలగాలన్నారు. లెక్క బాగానే ఉంది: పాత నాలుగడుగుల ట్యూబు, చోకుతో కలిపి 50 వాట్లకు పైగా లాగుతుంది, ఎల్ఈడీ 20 వాట్లతో సరిపెడుతుంది. కాంట్రాక్టరు పాతవన్నీ సెల్లారులో, జనరేటరు గది పక్కన గుట్టపోయించాడు. పాతసామాన్లవాడికి కావలసింది చోకుల్లోని రాగి, ట్యూబు చివర్ల అల్యూమినియం మూతలు. గాజు ఎవడికి కావాలి? ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని టపటపా పగలగొట్టి మూతలు ఊడబెరుకుతున్నారు. నేలంతా ముగ్గుపిండిలా తెల్లటి పొడి. మా స్వీపరమ్మ పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని పొడి చీపురుతో దాన్ని ఊడుస్తోంది. సెల్లారులో కిటికీ లేదు, ఫ్యాను లేదు.

ప్రతి ట్యూబులోనూ కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. మామూలు వేడికే అది ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊడిస్తే మరింత లేస్తుంది. నేను కేకలేసి అందరినీ బయటికి పంపాను. "పొడే కదయ్యా, తుడిచేస్తే పోతుంది" అంది ఆవిడ. తర్వాత వారం రోజులు దగ్గింది. దుమ్ము పడలేదులే అన్నారు ఆఫీసువాళ్లు. రక్త పరీక్ష చేయించమని అడిగితే, ఆవిడ మా మనిషి కాదు, ఏజెన్సీ మనిషి అన్నారు. ఆ నెల పత్రికలో కరెంటు ఆదా గురించి ఆఫీసు ఫొటో పడింది.

నా చాదస్తం అనుకుంటావు. చిన్నప్పుడు మా ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు పగలగొట్టి, పాదరసం గుండ్లను అరచేతిలో దొర్లిస్తూ ఆడుకున్నావు, గుర్తుందా? చేతి మీద ఒక్కటి వేశాను. మీ అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ.

కాబట్టి ఇలా చెయ్యి. కొత్త ట్యూబులు వచ్చిన అట్టపెట్టెలు పారేయనివ్వకు, పాతవి పగలకుండా వాటిలోనే నిలువుగా సర్దించు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల కిందికి ఇవీ వస్తాయి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల ప్రకారం మీలాంటి పెద్ద ఆఫీసు వాటిని నమోదైన సంస్థకే అప్పగించాలి. రసీదు తీసుకో. ఒకవేళ పగిలితే మనుషులను బయటికి పంపి, ఏసీ ఆపి, కిటికీలు తెరిపించు. చీపురు, వాక్యూమ్ క్లీనర్ ముట్టనివ్వకు. గట్టి అట్టతో ఎత్తి, తడి కాగితంతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో వేయించాలి. యూపీఎస్ బ్యాటరీలు కొత్తవి అమ్మినవాడికే తిరిగి ఇవ్వు.

అసలు అన్ని దీపాలు అవసరమా అని ముందు చూశావా? హైటెక్ సిటీ దగ్గర 2004లో కలాం గారు ప్రారంభించిన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, పగటి వెలుగు లోపలిదాకా వస్తుంది. ఒకసారి చూసిరా. మీ ఆఫీసులో పట్టపగలు తెరలు దించి దీపాలు వేసుకుంటున్నారని మీ అమ్మకు పంపిన ఫొటోలోనే కనబడింది.

శుభ్రం చేసేవాళ్లను పిలిచి, వాళ్లతో టీ తాగుతూ మాట్లాడు. ఏ బల్ల కింద ఏం పారేస్తున్నారో నీ మేనేజరుకన్నా వాళ్లకే బాగా తెలుసు. రాత్రి ఎనిమిది దాటినా ఆఫీసులోనే ఉంటున్నావట, వేళకు తిను. గడిచిన ఏడాది కరెంటు బిల్లులు ఫోనులో పంపు. కరెంటు సంస్థ మీ ఆఫీసుకు మంజూరు చేసిన లోడు ఎంతో, వాడుతున్నది ఎంతో చూసి ఆదివారంలోగా చెబుతాను. అప్పటిదాకా కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య